పార్వతీశం మీద కోపం

హాస్య నవలలో కథ చెప్పేవాడు మంచివాడు కాకపోతే మన పాఠకులకు ఇబ్బందిగా ఉంటుంది. డాంబికుడు కథలో ఒక మూల ఉంటే సరే. వాడే ‘నేను’ అంటూ మన పక్కన చేరి తన గొప్పలు తానే చెప్పుకుంటూ పోతే, నవ్వాలో మందలించాలో తేలదు. ఈ తికమకను రసజ్ఞతా లోపమని కొట్టివేసే విమర్శకులున్నారు. నేను అంగీకరించను. ఏ కాలంలో, ఏ ప్రాంతంలో, ఎవరు దేనికి నవ్వారు, ఎవరు నవ్వలేకపోయారు అన్నది కూడా సాహిత్య చరిత్రలో భాగమే.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. 1702లో ఇంగ్లండులో డేనియల్ డీఫో, అధికార చర్చిలో చేరని క్రైస్తవులను నిర్మూలించాలని వాదించే ఛాందసుని గొంతుతో ఒక కరపత్రం రాశాడు. కొందరు ఛాందసులు అది తమ వాదమేనని మెచ్చుకున్నారు. గుట్టు బయటపడ్డాక ప్రభుత్వం 1703లో డీఫోను నడివీధిలో బొండకొయ్యలో నిలబెట్టింది. 1726లో స్విఫ్ట్ ‘గలివర్ యాత్రలు’ వెలువడినప్పుడు, ఆ పుస్తకం నిండా అబద్ధాలేననీ తాను ఒక్క మాటా నమ్మలేదనీ ఒక బిషప్పు అన్నాడని స్విఫ్టే మిత్రునికి రాసిన ఉత్తరంలో వేళాకోళంగా చెప్పాడు. ‘నేను’ అన్న వాణ్ణి నమ్మడం పాఠకుల పాత అలవాటు. వ్యంగ్య రచయిత ఆ అలవాటు మీదనే ఆధారపడతాడు.

గలివర్ తెలుగులోకి వచ్చిన దారి వీరేశలింగంగారిది. 1890 దశకంలో ఆయన రాసిన ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లో కథ చెప్పే సత్యరాజాచార్యులు అన్నీ తెలుసునని నమ్మే పాతకాలపు మనిషి. స్త్రీలు ఏలే దేశానికి చేరి, మన దేశంలో స్త్రీల మీద ఉన్న నిర్బంధాలన్నీ అక్కడ పురుషుల మీద ఉండటం చూసి బెంబేలెత్తిపోతాడు. 1881లో తొలి వితంతు వివాహం జరిపించి సంఘం చేత వెలి అనిపించుకున్న రచయిత, తన ప్రత్యర్థి నోటితోనే కథ చెప్పించడం గమనించాలి. సత్యరాజు మీద మనకు ఎంత చిరాకు కలిగితే రచన అంతగా నెరవేరినట్టు. ఇక్కడ చిక్కు లేదు. నవ్వు ఎటు పోవాలో సంస్కర్త ముందే దారి గీశాడు.

చిక్కు ‘బారిష్టర్ పార్వతీశం’తో వస్తుంది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, మద్రాసు మీదుగా ఓడ ఎక్కి, చివరకు ఎడింబరో చేరతాడు. దారిలో టోపీ కొంటే అది ఆడవాళ్ళ టోపీ అవుతుంది. శాస్త్రిగారు స్వయంగా ఎడింబరోలో చదివినవారు కావడంతో ఆయనే పార్వతీశమని భావించిన పాఠకులు అనేకులు. అలా భావించినవారికి పార్వతీశం ముద్దుల మనిషి అయిపోయాడు. అతని గర్వం, అతని ఖర్చు, అతని కులీన స్థితి అన్నీ అమాయకత్వం ఖాతాలో జమ అయిపోయాయి.

భువనగిరిలో విద్యార్థులతో కలిసి ఈ నవల చదివినప్పుడు నాకు వేరే స్పందన ఎదురైంది. ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కిన పిల్లలు వాళ్ళు. రైలు ఘట్టాలకు బాగానే నవ్వారు. టోపీ దగ్గర మాత్రం కొందరు నవ్వు ఆపేశారు. పట్నంలో తమ మాటను, తమ బట్టను చూసి నవ్విన ముఖాలు వారికి జ్ఞాపకం ఉన్నాయి. ఒక విద్యార్థి అభ్యంతరం మరోవైపు నుంచి వచ్చింది: “గాయన అయ్య పైసలతోటి సీమకు పోయిండు. మా అయ్య పైసలు భోనగిరి దాంకనే వచ్చినయి. గాయన మీద నాకేం జాలి సార్?”

ఈ రెండు అభ్యంతరాలూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. ఒకటి పార్వతీశం పక్షాన బాధపడుతోంది, రెండవది అతని మీద కోపపడుతోంది. కాని రెండింటికీ ఈ గడ్డ మీద చరిత్ర ఉంది.

మొదటిదాని చరిత్ర 1921 నవంబరులో ఉంది. హైదరాబాదులో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడటానికి లేస్తే సభికులు అల్లరి చేసి, ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే ఆంధ్రమహాసభగా పెరిగింది. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. కోస్తాలో ఇంగ్లీషు రానివాడు ఎలాగో, ఇక్కడ తెలుగు తప్ప రానివాడు అలాగే చులకన. వకీలును తెలుగు మాట్లాడినందుకు నవ్విన మూడేళ్ళకే, బారిష్టరు కాబోయే తెలుగువాని టోపీ చూసి నవ్వే నవల వచ్చింది. ఈ రెండు నవ్వులూ ఒకటేనా అని మా విద్యార్థులు అడగటంలో తప్పేముంది?

నా సమాధానం, రెండూ ఒకటి కావు. పార్వతీశం కష్టాలకు తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. తెలియదని ఒప్పుకోకపోవడం పెద్ద కారణం. ఎవరినైనా అడిగితే తీరిపోయే సందేహాన్ని పరువు కోసం మింగి, తర్వాత పదిమందిలో పరువు పోగొట్టుకుంటాడు. అజ్ఞానాన్ని చూసి నవ్వడం పాలకుల నవ్వు. డాబును చూసి నవ్వడం ప్రజల నవ్వు. నవల బలమంతా రెండవ దానిలో ఉంది. అయితే నవల ఈ గీతను అన్నిచోట్లా నిలుపుకోలేదు. కొన్ని ఘట్టాలలో పల్లెవాడు కావడమే నేరమై నవ్వు పుడుతుంది. అక్కడ మా విద్యార్థులు నవ్వలేకపోవడం న్యాయమైన విమర్శ.

రెండవ అభ్యంతరం ఇంకా లోతైనది. తండ్రి పంపే డబ్బు ఏ పొలం నుంచి వచ్చింది, ఆ పొలంలో ఎవరి చెమట ఉంది? నవల ఈ ప్రశ్న వేయదు. వేయాల్సిన అవసరమే దానికి తోచలేదు. కాని 1944లో ఇదే భువనగిరిలో, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ పదకొండవ సమావేశం దగ్గర, ఈ ప్రశ్నే సభను రెండుగా చీల్చింది. భాష కోసం మొదలైన సంస్థ భూమి దగ్గరకు వచ్చేసరికి మితవాదులు వేరుపడ్డారు. సభ రైతు కూలీలది అయింది. తెలుగు మాటను చూసి నవ్వవద్దన్న కోరికలో వకీలూ కౌలుదారూ ఒకటయ్యారు. వెట్టి పోవాలి, భూమి కావాలి అనేసరికి అందరూ ఒకటి కాలేకపోయారు. “అయ్య పైసలు” అన్న విద్యార్థికి ఆ సభ సంగతి తెలియకపోవచ్చు. అతని చూపు మాత్రం ఆ చరిత్ర ఇచ్చిందే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పార్వతీశం తమకు నచ్చలేదని విద్యార్థులు చెబితే, హాస్యం ఆస్వాదించడం రాదని వారిని కూర్చోబెట్టకండి. ఏ వాక్యం దగ్గర నచ్చలేదో వేలుపెట్టి చూపమని అడగండి. కథ చెప్పేవాడు వేరు, రాసినవాడు వేరు అన్న సంగతి వ్యాఖ్యానాల కంటే ఈ పనిలోనే బాగా తెలుస్తుంది. తన డాబును తానే బయటపెట్టుకునే ‘నేను’ను సృష్టించడం సామాన్యమైన కళ కాదు. ఆ గౌరవం శాస్త్రిగారికి దక్కాలి. ఆ ‘నేను’ చూడని మనుషులు మొగల్తూరు పొలాల్లో ఉన్నారనీ, వారి బిడ్డలే ఈనాడు ఆ పుస్తకం చదువుతున్నారనీ చెప్పవలసిన బాధ్యత మాత్రం మనదే.