ఒకే సూర్యుడు, రెండు కాలగణనలు

చంద్రపురము జిల్లాలోని రాజురా, పూర్వ మీ జిల్లాలోనిదే యై 1982లో గడ్చిరోలి జిల్లాకు చేరిన సిరొంచ – ఈ రెండును మన తెలుగువారి పాత నివాసములు. వర్ధానది రాజురా చెంతను ప్రవహించి, వైనగంగతో కూడి, ప్రాణహిత యను పేర సిరొంచను చేరి, గోదావరిలో కలియుచున్నది. నీరొక్కటే. సూర్యుడు నడినెత్తికి వచ్చుటలో రెండూళ్లకును భేదము రెండున్నర నిమిషములు, అనగా సుమారు ఆరు విఘడియలు మాత్రమే. అయినను ఈ రెండింటి కాలము చిరకాలము వేర్వేరుగ నడచినది.

సిరొంచ 1860లో నిజామునుండి ఆంగ్లేయులకు సంక్రమించి, 1874లో చాందా జిల్లాలో చేరినది. అచ్చటి కచేరీలలో జనవరి, ఫిబ్రవరి లెక్కలు ప్రవేశించినవి. రాజురా ఆదిలాబాదు జిల్లాలో నిజాము ఏలుబడియందే నిలిచినది. అచ్చట ఆజూరు, దై, బహమన్ మొదలగు ఫసలీ మాసములు చెల్లినవి. సంవత్సరము అక్టోబరులో మారెడిది. 1946 దీపావళినాడు సిరొంచ కచేరీకి అది 1946. రాజురా కచేరీకి 1356 ఫసలీ. కాని ఉభయ గ్రామములలోను దీపము వెలిగించిన ఇల్లాలికి అది వ్యయనామ సంవత్సర ఆశ్వయుజ బహుళ అమావాస్యయే. శిస్తు కట్టుటకు సర్కారు లెక్క, పెండ్లికిని తద్దినమునకును పంచాంగము లెక్క.

గడియారమును అందరి యెడ ఒక్కతీరుగ నడువలేదు. అంతవరకు రైళ్లు మద్రాసు కాలము ననుసరింపగా, 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల రేఖాంశము ననుసరించి భారత ప్రామాణిక కాలము ఏర్పడినది. 1929లో కాజీపేట – బల్లార్షా రైలుమార్గము పూర్తియైన పిదప రాజురా ప్రాంతమువారు బండి వేళకు లేచుట నేర్చిరి. బొగ్గుగనులు వచ్చిన పిదప పాళీ వేళకు నిద్రించుటయు నేర్చిరి. సిరొంచకు నేటికిని రైలు లేదు. అచ్చట దినచర్యను చిరకాలము నడిపినవి ఏటి రేవు, అడవి పని, పొద్దుపొడుపు.

1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనది. 1956లో రాజురా బొంబాయి రాష్ట్రమునకు, 1959లో చాందా జిల్లాకు చేరినది. ఫసలీ వాడుక తప్పినది. మన మరాఠీ సోదరులదియు శాలివాహన చాంద్రమానమే యగుటచే మన ఉగాదియు వారి గుఢీ పాడవాయు ఒక్కనాడే వచ్చుచున్నవి; పండుగల విషయమున మనకు పరాయితనము కలుగలేదు.

ఇక నష్టపోవుచున్నది వేఱొకటి. మన పెద్దల జనన మరణములు ఫసలీ యంకెలలోను, సంవత్సర నామములలోను ఉన్నవి. వానిని చదువగలవారు ఇండ్లలో తగ్గుచున్నారు. నిజాము ఫసలీకి అక్టోబరు మొదలు డిసెంబరు వరకు 590, ఆ పిదప 591 కలిపినచో క్రీస్తు శకము వచ్చును. సంవత్సర నామమైనచో అరువదియేండ్ల కొకమారు తిరిగి వచ్చును గనుక, ఏ ఆవృత్తమో పెద్దలనే అడుగవలెను. వారుండగనే అడిగి, మూడు లెక్కలను ఒక్క పుటలో వ్రాసి యుంచుకొందము. సర్కారులు తమ లెక్కలు మార్చుకొనినవి. మన యింటి లెక్కను మనమే కాపాడుకొనవలెను.