ఉప్పుగాలికి తారు పూత

పెదవాల్తేరులో మా ఇంటికి సముద్రపు హోరు వినపడేది. 1980ల్లో మా నాన్నకో సెకండ్‌హ్యాండ్ అంబాసిడర్ ఉండేది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో, కలకత్తా పక్కన ఉత్తరపారలో 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన బండి. లారీకున్నట్టు దానికి విడిగా ఛాసిస్ ఉండదు. అడుగురేకూ పక్కదూలాలూ బాడీతో కలిసే బరువు మోస్తాయి. ఉప్పుగాలికి అడుగు తుప్పు పడితే నడుం విరిగినట్టే.

ఏటా మృగశిర కార్తెకు ముందు ఒక ఆదివారం ఆ తుప్పు ఆపే పనికే. బండిని దుంగల మీద నిలిపి నాన్న కిందికి దూరేవాడు. వైరు బ్రష్షుతో గీకడం, ఉప్పుకాగితంతో రుద్దడం (ఉప్పు చేసిన పాడుకి మందు ఉప్పుకాగితమేనని అమ్మ నవ్వేది), రెడ్ ఆక్సైడ్, ఆపైన కిరసనాయిలుతో పల్చన చేసిన తారు. తలుపుల అడుగు సందుల్లోకి వాడేసిన ఇంజినాయిలు. టార్చి పట్టుకోవడం నా వంతు.

ఒక ఏడు వాన ముందే వచ్చింది. రేకు ఆరకుండానే తారు పూసేశాం. పైకి నల్లగా నిగనిగలాడింది. రెండేళ్లకి కాళ్లకింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనపడింది! తారు వెనక చిక్కిన తడీ ఉప్పూ లోపల్లోపలే తినేశాయి. పైగా నీళ్లు కారిపోయే చిల్లుల్నీ శ్రద్ధగా పూడ్చేశాం. ఆ శ్రద్ధ నాదే.

ఇప్పుడు రేకులకు జింకు పూత వస్తోంది, మైనం పూత స్ప్రే డబ్బాల్లో దొరుకుతోంది. అయినా బండి కడిగాక మూడు రోజులు ఎండనిచ్చి, పూత పూశాక ప్రతి చిల్లులోనూ చీపురుపుల్ల దూర్చి చూస్తాను.