కోకాపేట: ఉద్యమం ముగిశాక పదేళ్లు

2023 ఆగస్టు 3న హైదరాబాద్ పడమటి అంచున ఉన్న కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్ల రూపాయలకు పోయింది. ఆ ఒక్కరోజే 45.33 ఎకరాల మీద నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు 3,319.60 కోట్లు వచ్చాయి. రెండేళ్ల ముందు, 2021 జూలైలో ఇక్కడే జరిగిన వేలంలో అత్యధిక ధర 60.2 కోట్లు. భూమి ధర ఇంత వేగంగా మారిన చోట మనుషులు ఎలా మారారన్నది నా ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే కాస్త వెనక్కి పోవాలి.

ఈ ఊరి తలరాతను చాలావరకు గండిపేట నీళ్లే రాశాయి. 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ అలాంటి గండం రాకూడదని కట్టిన ఈ గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, 1920లో పూర్తయింది. 1979లో చైతన్య భారతి ఇంజనీరింగ్ కాలేజీ వచ్చేనాటికి కూడా నగరం దృష్టిలో ఇది ఊరవతలి చోటే. 1996లో వచ్చిన 111 జీవో, గండిపేట, హిమాయత్ సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలను ఆపింది. రెండేళ్లకే, 1998 నవంబరులో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. పడమట కట్టకూడని నేల, తూర్పున కట్టడం ఆగని నేల. ఆ రెంటి నడుమ కోకాపేట ఉంది. 2006లో ప్రభుత్వం హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని, అంటే ఒక స్థలంలో ఎంత కట్టవచ్చన్న హద్దును, ఎత్తేసింది. ముంబయిలో లేని ఆ వెసులుబాటు వల్లే ఇవాళ ఇక్కడ యాభై అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నాయి.

అయితే మొదటి ఊపు నిలవలేదు. హెచ్‌ఎండీఏకు ముందున్న హుడా ఇక్కడి సర్కారు భూములను వేలం వేస్తే ఎకరం పద్నాలుగు కోట్లు దాటింది. ఆ వెంటనే 2008 మాంద్యం వచ్చింది. భూమి ఎవరిదన్న వివాదం కోర్టులకెక్కింది, కొన్నవాళ్లు డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) తెరుచుకున్నా, దాని పక్కన చాలా నేల ఖాళీగానే ఉండిపోయింది. 2009 నుంచి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, బందులు, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె. రాష్ట్రం రెండవుతుందా, హైదరాబాద్ ఎవరికి దక్కుతుందన్న అనిశ్చితిలో పెట్టుబడులు వెనకాడాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ల మనసుల్లో భయం, తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన విద్యార్థుల గుండెల్లో కోపం. దాన్ని యుద్ధం అనలేం గానీ, పిల్లల ప్రాణాలు పోయిన పోరాటం అది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటంతో ఆ అనిశ్చితి ముగిసింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో 57,258 కోట్ల ఐటీ ఎగుమతులు 2022-23 నాటికి 2,41,275 కోట్లయ్యాయి. ఐటీ ఉద్యోగాలు 3.23 లక్షల నుంచి తొమ్మిది లక్షలు దాటాయి. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ తెరిచిన క్యాంపస్‌లో పదిహేను వేల మంది పనిచేయవచ్చు. అదే సంవత్సరం మెట్రో హైటెక్ సిటీకి, తర్వాత రాయదుర్గానికి చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోనూ ఇలాంటి దశాబ్దం ఒకటి గడిచింది. 1956 చట్టంతో హైవేలు, వాటి పక్కన కొత్త కాలనీలు, కొత్త మధ్యతరగతి. అక్కడి లెవిట్‌టౌన్ అనే కాలనీలో మొదట తెల్లవాళ్లకు మాత్రమే ఇళ్లు అమ్మారు. సంపద కొత్త ఇంటిని కట్టినప్పుడు గేటు దగ్గర ఎవరిని ఆపిందో కూడా చూడాలి. కోకాపేట విషయంలోనూ నేను చూసేది దాన్నే.

ముందు భూమి ఉన్నవాళ్లు. వేలంలో పోయినవి సర్కారు భూములు, ఆ సొమ్ము ఖజానాకు వెళ్లింది. పట్టా పొలాల కథ వేరు. తొంభైల్లో ఆడపిల్ల పెళ్లికో, అప్పు తీర్చడానికో ఎకరం అమ్మిన ఇల్లూ, 2015 దాకా ఆగి బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చి ఫ్లాట్లలో వాటా తీసుకున్న ఇల్లూ ఒకే వాడలో పక్కపక్కనే ఉంటాయి. తెలివితేటల్లోనో కష్టంలోనో వాళ్ల మధ్య తేడా లేదు. తేడా అంతా అమ్మిన ఏడాదిలో ఉంది. అన్నదమ్ముల పంపకాలు, ఆడబిడ్డల వాటా కేసులు, అప్పటి భూ రికార్డుల పోర్టల్ ధరణిలో పేరు ఎక్కలేదన్న గొడవలు ఈ దశాబ్దంలో ముదిరాయంటే కారణం దురాశ ఒక్కటే కాదు. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని గట్టు వెడల్పుకు కూడా ధర వచ్చింది.

తర్వాత ఫ్లాట్లలోకి వచ్చినవాళ్లు. గుంటూరు, కరీంనగర్, అనంతపురం, ఒడిశా, బెంగాల్: అందరూ ఒకే లిఫ్టులో ఎక్కుతారు. ఉద్యమ కాలంలో గట్టిగా గీసుకున్న ప్రాంతాల గీత ఇక్కడ పలచబడటం ఈ పదేళ్లలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాక క్లబ్‌హౌస్ ముందు బతుకమ్మ పేర్చేవాళ్లలో కోస్తా కోడళ్లూ చేరారు. సినిమాలో ఒకప్పుడు విలన్‌కో హాస్యగాడికో మిగిలిన తెలంగాణ మాట 2017లో 'ఫిదా' కథానాయిక నోట వినిపించింది, 2023లో 'బలగం' సినిమా అంతటినీ మోసింది. ఆడపిల్లల సంగతీ అంతే. రాత్రి షిఫ్టు ఉద్యోగమంటే వద్దన్న తల్లిదండ్రులు క్యాబ్, హాస్టల్, 2014 అక్టోబరులో మొదలైన పోలీసుల షీ టీమ్స్ చూసుకుని పంపడం నేర్చుకున్నారు. పెళ్లి ఎప్పుడన్న మాటలో అమ్మాయి జీతం ఆమెకు కొంత బలమైంది.

కానీ కలిసిన పండుగలోనూ డబ్బు పెత్తనం పెరిగింది. బాలాపూర్ గణేశ్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2024లో 30.01 లక్షలకు చేరింది. అదే ఏడాది బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల కమ్యూనిటీలో లడ్డూ ధర 1.87 కోట్లు. ఆ సొమ్మును సేవా కార్యక్రమాలకు ఖర్చు పెడుతున్నారు, మంచిదే. అయినా వాడవాడకూ చందా పుస్తకం పట్టుకుని పదో పరకో తెచ్చుకున్న పండుగకు ఎవరి స్థాయి ఎంతో అందరి ముందు చాటే అలవాటు పట్టింది. భూమి వేలం నేర్పిన చదువు ఇది.

ఇక గేటు బయటివాళ్లు. ఈ టవర్ల సెంట్రింగ్, కాంక్రీట్ పని చేసింది బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ కూలీలు, పాలమూరు లేబర్. సైటు పక్కన రేకుల షెడ్లలో ఉంటూ కట్టారు, కట్టడం అయ్యాక మరో సైటుకు పోయారు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం నడిపిన, దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. సుమారు 1,200 మంది ఎక్కిన ఆ రైలు, ఈ నగరాన్ని ఎవరు కడుతున్నారో నగరానికే చూపించింది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు సర్వీస్ లిఫ్టులో ఎక్కాలి, సంచీ చూపించి దిగాలి. పేదలకు ఇళ్లు కట్టలేదని కాదు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. అంత పెద్ద కాలనీ కూడా వాళ్లకు పని దొరికే చోట్లకు ఎడంగానే వచ్చింది.

కోకాపేటలోనే కురుమ సంఘానికి భూమి ఇచ్చారు. 2024 డిసెంబరులో అక్కడ ప్రారంభమైన భవనానికి దొడ్డి కొమురయ్య పేరు పెట్టారు. 1946 జూలై 4న కడవెండిలో దొరసాని గూండాల తూటాకు బలై, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి తొలి అమరుడైన గొర్రెల కాపరి ఇంటి బిడ్డ ఆయన. దున్నేవాడికే భూమి అని పోరాడిన తరానికి, ఎకరం వంద కోట్లు పలికిన చోట ఒక భవనం దక్కింది. ఆ గౌరవం అవసరమే. ఆ సంఘం పిల్లలు అక్కడే హాస్టల్‌లో ఉండి చదువుకుంటే ఇంకా మేలు. కానీ భూమి ఎవరిదని ఆయన తరం అడిగిన ప్రశ్నకు ఇది జవాబు కాదు.

ఆ ప్రశ్నను ఈ మధ్య మరో తరం కొత్తగా అడిగింది. 2025 మార్చిలో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను ఐటీ పార్కులకు వేలం వేసేందుకు బుల్డోజర్లు దిగినప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు. వాళ్లలో చాలామంది 2014లో బడి పిల్లలు, ఎకరం ధర వార్తలు వింటూ పెరిగినవాళ్లు. నెమళ్లు, జింకలు, చెరువులు, బండరాళ్లు ఉన్న నేలను ఖాళీ జాగా అనొద్దని వాళ్లు వాదించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. గండిపేట ఎగువన 84 గ్రామాల్లోనూ ఇప్పుడు ఇదే వాదన నడవాలి, ఎందుకంటే 111 జీవోను పూర్తిగా ఎత్తేయాలని మంత్రివర్గం 2023 మేలోనే నిర్ణయించింది.