ధారణామందిరము – చీనా పరీక్షలు

ఇటలీదేశీయుడగు మతేయో రిచ్చి (1552–1610) యను జెసూట్ మతాచార్యుడు 1596లో చీనాదేశమందలి నాన్‌చాంగ్ నగరమున నుండి, ధారణావిద్యను గూర్చి చీనాభాషలో నొక చిన్న గ్రంథమును రచించెను. 'షీగ్వో జీఫా' దాని పేరు. పాశ్చాత్యదేశముల స్మరణపద్ధతి యని యర్థము. జియాంగ్‌షీ రాష్ట్రపాలకుడగు లూ వాన్‌గాయ్ కుమారులు మువ్వురు అప్పుడు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుచుండిరి. గ్రంథము వారికొరకే పుట్టినది. ఈ విద్యతో రిచ్చి చీనా విద్వాంసుల హృదయములను గెలిచెనని తలచుట కలదు. ఆ తలంపు సగమే నిజమని మా యభిప్రాయము.

నిజమైన సగమును మొదట చెప్పెదము. 1595లో నొక విందునందు, వరుసయు సంబంధమును లేక వ్రాసి యిచ్చిన పెక్కు లిపిసంకేతములను రిచ్చి యొక్కమారు చదివి, మొదటినుండి తుదివఱకును, మరల తుదినుండి మొదటికిని అప్పగించెను. చూచినవారు అబ్బురపడి, ఆ విద్యను తమకు నేర్పుమని వేడుకొనిరి. మతప్రచారమునకు ఈ మెప్పు త్రోవ చూపునని అతని యాశ.

ఇది గ్రీకుల విద్య. విందుశాల పైకప్పు కూలి గుర్తింపరాకున్న శవములను, ఎవరెచ్చట కూర్చుండిరో స్మరించి సిమొనిడీస్ కవి పోల్చెనను కథను సిసిరో క్రీ.పూ. 55లో చెప్పియున్నాడు. మనస్సున నొక మందిరమును కట్టుకొని, దాని మూలలయందు బొమ్మలను నిలుపుటయే పద్ధతి. రిచ్చి తన మందిరమున నిలిపిన బొమ్మలు చూడదగినవి. యుద్ధమును తెలుపు 'వు' సంకేతమును చీల్చినచో ఈటె యనియు, ఆపుట యనియు రెండు భాగములగును. కావున ఆగ్నేయమూలలో ఇద్దరు యోధులు. ఒకడు ఈటె నెత్తగా, రెండవవాడు వాని మణికట్టు పట్టి యాపుచున్నాడు. ఈశాన్యమున పశ్చిమప్రాంతపు స్త్రీ. 'యావ్' అను సంకేతములో పడమరయు స్త్రీయు గలవు. వాయవ్యమున పైరు కోయనున్న రైతు, అనగా 'లీ', లాభము. నైరృతిలో బిడ్డ నెత్తుకొన్న దాసి, 'హావ్', మంచి. లిపియే బొమ్మలుగా విడిపోవు నట్టి భాషకు ఈ విద్య చక్కగా నతికినదనుటలో సందేహము లేదు.

అయినను పరీక్షార్థికి కావలసినది వేఱు. నాలుగు గ్రంథములు, పంచశాస్త్రములు, వానిలో 'జో' వ్యాఖ్యానమును కలుపుకొని 4,30,000 సంకేతములకు పైబడిన పాఠమును అతడు పొల్లు పోకుండ కంఠస్థము చేయవలెను. ఆ పాఠము బాల్యమునుండి నోట నానినది. ఒక వాక్యము తరువాతి వాక్యమును తానే లాగుకొని వచ్చును. దానిని మాటకొక బొమ్మగా ముక్కలు చేసినచో ఆ లాగు తెగిపోవును. పైగా బొమ్మను జ్ఞాపకముంచుకొనుట యొక భారము, బొమ్మనుండి మాటకు మరలుట మఱియొక భారము. లూ పెద్దకుమారుడు గ్రంథమును శ్రద్ధగా చదివి, సూత్రములు సత్యములే గాని వానిని వాడుటకు మిక్కిలి మంచి జ్ఞాపకశక్తి ముందే యుండవలెనని పలికెనట! ఈ మాటను దాచక వ్రాసినవాడు రిచ్చియే యగుట అతని నిజాయితీకి సాక్ష్యము.

ఈ భేదము మన అవధానసభలయందును కానవచ్చును. వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు వాక్యములోని అక్షరములను క్రమము తప్పించి, స్థానసంఖ్యతో నందించును. ఇచ్చట అవధానికి గడులు కావలెను. సిమొనిడీస్ విద్య పనికివచ్చు తావు ఇదియే. కడపట పద్యముల ధారణ అట్లు కాదు. గణములు, యతిప్రాసలు తరువాతి పదమును పట్టి యిచ్చును. చెవి మఱచినగాని నోరు మఱవదు. శతావధానమున నూఱు పద్యములను నిలుపునది ఛందస్సే యని మేము తలంచెదము. కంటి ధారణయొక్కటే అన్నింటికి చాలునని విద్యార్థులకు చెప్పువారు ఈ రెండింటిని కలిపివేయుచున్నారు.

రిచ్చికి మాత్రము ఆ విద్య ఎందులకు ఫలించెను? అతడు పరదేశి, ముప్పదియేండ్లు వచ్చిన పిదప ఆ లిపిని నేర్చినవాడు. ప్రతి సంకేతమును విడదీసి చూడక అతనికి గత్యంతరము లేదు. లూ కుమారులకు అవి బొమ్మలు కావు, మాటలు.