జెనెసిస్ వీడాక స్టీవ్ హాకెట్

స్టీవ్ హాకెట్ జెనెసిస్ బ్యాండులో గిటారు వాయించింది ఏడేళ్లలోపే. 1971 జనవరిలో చేరాడు, 1977లో తప్పుకున్నాడు. అప్పటినుంచి సొంత పేరు మీద పాతికకు పైగా స్టూడియో ఆల్బమ్‌లు చేశాడు. డెబ్బై దాటాక కూడా ఖండాలు తిరుగుతూ కచేరీలు చేస్తూనే ఉన్నాడు. అయినా రాక్ సంగీతం గురించి రాసేవారు చాలామంది ఆయన్ని ‘జెనెసిస్ మాజీ గిటారిస్టు’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాటలో తప్పు లేదు. కానీ ఆయన జీవితకాలపు కృషిలో పెద్ద భాగం దాని బయటే ఉండిపోతుంది.

హాకెట్ 1950 ఫిబ్రవరి 12న లండన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు మొదట పట్టింది మౌతార్గాన్. గిటారు ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. బ్రిటిష్ బ్లూస్ రికార్డులు, స్పెయిన్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా గిటారు మీద వాయించిన బాఖ్ రచనలు వింటూ సొంతంగా సాధన చేశాడు. ఈ రెండు ఇష్టాలూ మొదటినుంచీ ఆయన సంగీతంలో పక్కపక్కనే కనిపిస్తాయి. క్వైట్ వరల్డ్ అనే చిన్న బ్యాండుతో 1970లో ఒక ఆల్బమ్ చేశాక, తన అభిరుచికి తగ్గ వాద్యకారులు కావాలని మెలోడీ మేకర్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. దాన్ని చూసి ఫోన్ చేసింది జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్. ఆంథొనీ ఫిలిప్స్ వెళ్లిపోవడంతో ఖాళీ అయిన గిటారిస్టు స్థానం అలా భర్తీ అయింది.

గేబ్రియల్ ముఖానికి ముసుగులు తగిలించుకుని, వేషాలు మార్చుకుంటూ వేదికంతా తనదే చేసుకునేవాడు. హాకెట్ ఒక పక్కన కుర్చీలో కూర్చుని గిటారు మీదికి వంగి వాయించుకునేవాడు. కానీ ఆ మూల నుంచి వచ్చింది మామూలు వాయింపు కాదు. 1971 నాటి ‘నర్సరీ క్రైమ్’ ఆల్బమ్‌లోనే కుడిచేతి వేళ్లతో నేరుగా మెట్ల మీద తీగలను తాకి స్వరాలు పలికించే ట్యాపింగ్ పద్ధతిని వాడాడు. అమెరికన్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ 1978లో దాన్ని ప్రపంచమంతా మోగించడానికి ఏడేళ్ల ముందు మాట ఇది.

ఆయన ప్రత్యేకత వేగంలో కన్నా నిదానంలో ఎక్కువ తెలుస్తుంది. 1973 నాటి ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్’లో ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ అనే రచన ఉంది. అందులోని ప్రధాన బాణీ కీబోర్డు వాద్యకారుడు టోనీ బ్యాంక్స్‌ది. అది మొదట ఫ్లూటు మీద వినిపిస్తుంది. తర్వాత అదే బాణీని హాకెట్ గిటారు మీదికి ఎత్తుకుని, సాగదీసి, దాదాపు మూడు నిమిషాలపాటు విస్తరిస్తాడు. తీగను మీటిన చప్పుడు చెవిన పడకుండా వాల్యూమ్ పెడల్‌తో శబ్దాన్ని మెల్లగా పెంచుతాడు. ఒక పైస్థాయి స్వరాన్ని పట్టి, ఇక ఆగిపోతుందేమో అనుకునేంతసేపు నిలిపి, అప్పుడు కిందికి దించుతాడు. వీణ మీద మీటు మరుగునపడి గమకం మాత్రమే మిగిలినట్టుంటుంది ఆ ఘట్టం. వేరొకరి బాణీని ఇంతగా తన సొంతం చేసుకున్న గిటారు ఘట్టాలు ప్రోగ్రెసివ్ రాక్‌లో ఎక్కువ లేవు.

1975లో గేబ్రియల్ బ్యాండు వదిలేశాడు. ఆ ఏడాదే హాకెట్ తన మొదటి సొంత ఆల్బమ్ ‘వాయేజ్ ఆఫ్ ది ఆకొలైట్’ విడుదల చేశాడు. టారో చీట్ల బొమ్మలు దీనికి ప్రేరణ. జెనెసిస్ సహచరులు ఫిల్ కాలిన్స్, మైక్ రూథర్‌ఫర్డ్ ఇందులో వాయించారు. తమ్ముడు జాన్ హాకెట్ ఫ్లూటు అందించాడు. బ్రిటన్ అమ్మకాల పట్టికలో అది 26వ స్థానానికి చేరింది. తన రచనలు తానే నడిపించుకోగలనని హాకెట్‌కు నమ్మకం కుదిరింది ఇక్కడే.

ఆ నమ్మకమే బ్యాండులో ఇబ్బందిగా మారింది. గేబ్రియల్ వెళ్లాక మిగిలిన నలుగురూ పాటలు కట్టేవాళ్లే. ఆల్బమ్‌లో చోటు తక్కువ. 1976 చివర్లో వచ్చిన ‘విండ్ అండ్ వుదరింగ్’లో బ్యాంక్స్ రచనలదే పైచేయి. హాకెట్ రాసిన ‘ప్లీజ్ డోంట్ టచ్’ అనే వాద్యరచనను సాధన దాకా తెచ్చి పక్కన పెట్టేశారు. తన రచనలకు ఇంత భాగమని ఖాయం చేయమంటే మిగతావారు ఒప్పుకోలేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే. బాగున్న పాటనే తీసుకోవాలి తప్ప వాటాలు పంచుకోకూడదన్నది ఆ బ్యాండు పద్ధతి. 1977లో ‘సెకండ్స్ అవుట్’ కచేరీ ఆల్బమ్‌కు మిక్సింగ్ జరుగుతుండగా హాకెట్ తప్పుకున్నాడు. మిగిలిన ముగ్గురూ చిన్న పాటల బాట పట్టి కొద్దేళ్లలోనే ప్రపంచంలోని అతి పెద్ద బ్యాండ్లలో ఒకటయ్యారు. ఆయన ఉండి ఉంటే ఆ డబ్బులో, పేరులో భాగం దక్కేది. ఆయన కోరుకున్నది మాత్రం రాసుకునే చోటు.

ఆ చోటును ఆయన ఎలా వాడుకున్నాడో 1978 ఆల్బమ్ చూపిస్తుంది. జెనెసిస్ వద్దన్న రచన పేరే దానికీ పెట్టాడు. ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో అందరికన్నా ముందు పాడిన రిచీ హేవెన్స్, అప్పటికింకా పెద్దగా పేరు రాని సోల్ గాయని రాండీ క్రాఫర్డ్, అమెరికన్ బ్యాండు కాన్సాస్ గాయకుడు స్టీవ్ వాల్ష్ ఇందులో పాడారు. పాటకో గొంతు, పాటకో తీరు. ఆల్బమ్‌గా అది కొంచెం చెదిరినట్టుంటుంది. కానీ క్రాఫర్డ్ పాడిన ‘హోపింగ్ లవ్ విల్ లాస్ట్’ లాంటిది జెనెసిస్‌లో పుట్టే అవకాశమే లేదు.

మరుసటి ఏడాది సొంత బృందంతో నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’ రికార్డు చేశాడు. ఆయన ఆల్బమ్‌లలో అత్యుత్తమం ఇదే. మొదటి పాట ‘ఎవ్రీ డే’ సగం దాకా గాత్రంతో నడిచి, తర్వాత పూర్తిగా గిటారు చేతికొస్తుంది. మధ్యలో తూర్పు ఆసియా ఛాయలున్న ఒక చిన్న రచన, నైలాన్ తీగల గిటారు మీద ‘లాస్ట్ టైమ్ ఇన్ కోర్డోబా’ ఉన్నాయి. చివర ఆల్బమ్ పేరుతోనే ఉన్న వాద్యరచన వస్తుంది. దాని బాణీ ఎంత సరళమంటే, ఒకసారి విన్నవారు కూనిరాగంగా తీసుకోవచ్చు. గిటారు దాన్నే మళ్లీ మళ్లీ వాయిస్తుంది. వాయించిన ప్రతిసారీ జారుల్లో, స్వరం నిలిపే కాలంలో తేడా ఉంటుంది. మాటలు లేని ఒక పాటను గిటారుతో పాడించడం ఎలాగో నేర్చుకునేవారికి ఈ ఆరున్నర నిమిషాలు మంచి పాఠం.

1980లో వచ్చిన ‘డిఫెక్టర్’ బ్రిటన్‌లో 9వ స్థానానికి చేరింది. ఆ తర్వాత కొన్నేళ్లు జోరు తగ్గింది. 1981 నాటి ‘క్యూర్డ్’లో డ్రమ్ మెషీన్ వాడి, ప్రధాన గాత్రమంతా తానే పాడాడు. రెండూ ఆ ఆల్బమ్‌కు బలం కాలేకపోయాయి. 1984 నాటి ‘టిల్ వీ హ్యావ్ ఫేసెస్’ చాలావరకు బ్రెజిల్‌లో, అక్కడి తాళవాద్య బృందాలతో తయారైంది.

అదే కాలంలో ఆయన చేసిన ధైర్యమైన పని ‘బే ఆఫ్ కింగ్స్’. 1983లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో దాదాపు అంతా నైలాన్ తీగల గిటారే. డ్రమ్స్ లేవు, గాత్రం లేదు. సింథసైజర్ల హోరు నడుస్తున్న రోజుల్లో ఇలాంటిది అమ్ముడవదని రికార్డు కంపెనీ వెనకాడటంతో, ఆయన వేరే చిన్న కంపెనీ ద్వారా విడుదల చేశాడు. 1972లో జెనెసిస్ ఆల్బమ్ ‘ఫాక్స్‌ట్రాట్’లో ఒకటిన్నర నిమిషం మాత్రమే ఉన్న ‘హొరైజన్స్’కు కొనసాగింపు ఇది. ఈ దారి 1988లో ‘మొమెంటమ్’కు, 1997లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’కు, 2021లో ‘అండర్ ఎ మెడిటరేనియన్ స్కై’కి తీసుకెళ్లింది. సంగీతశాస్త్ర శిక్షణ లేని ఒక రాక్ గిటారిస్టు ఆర్కెస్ట్రాతో కూర్చుని వాయించే స్థాయికి చేరడం చిన్న విషయం కాదు.

వ్యాపారపరంగా పెద్ద విజయం మాత్రం మరో బ్యాండు వల్ల వచ్చింది. యెస్ బ్యాండులో వాయించిన గిటారిస్టు స్టీవ్ హౌతో కలిసి పెట్టిన జీటీఆర్ 1986లో విడుదల చేసిన ఆల్బమ్ అమెరికాలో గోల్డ్ గుర్తింపు పొందింది. అందులోని ఒక పాట బిల్‌బోర్డ్ పట్టికలో 14వ స్థానానికి వెళ్లింది. ఒకే ఆల్బమ్‌తో ఆ జోడీ విడిపోయింది. హాకెట్ మళ్లీ ఒంటరి ప్రయాణానికే వచ్చాడు.

1990ల నుంచి ఆయన సంగీతంలోకి ఇతర దేశాల వాద్యాలు ఎక్కువగా వచ్చాయి. 2019 నాటి ‘ఎట్ ది ఎడ్జ్ ఆఫ్ లైట్’లో భారతదేశ యాత్ర ప్రభావంతో కట్టిన ‘షాడో అండ్ ఫ్లేమ్’ అనే పాటకు షీమా ముఖర్జీ సితార్ వాయించింది. ఆమె సితార్ విద్వాంసుడు పండిట్ నిఖిల్ బెనర్జీ మేనకోడలు, ఆయన శిష్యురాలు.

పాత బ్యాండు సంగీతాన్ని హాకెట్ ఏనాడూ దూరం పెట్టలేదు. 1996లో ‘జెనెసిస్ రీవిజిటెడ్’ పేరుతో ఆ రచనలను కొత్తగా రికార్డు చేశాడు. 2012లో రెండో సంపుటం వచ్చింది. మరుసటి ఏడాది లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పూర్తిగా ఆ పాటలతోనే కచేరీ చేశాడు. అప్పటికి బ్యాంక్స్, కాలిన్స్, రూథర్‌ఫర్డ్ తమ 1970ల నాటి పొడుగాటి రచనల్లో చాలావాటిని మొత్తంగా వాయించడం ఎన్నడో మానేశారు. 2022 మార్చిలో లండన్‌లో జెనెసిస్ చివరి కచేరీ జరిగింది. అందులో హాకెట్ లేడు. అదే ఏడాది ఆయన తన బృందంతో ‘ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్ యాభయ్యేళ్ల సందర్భంగా దాన్ని మొదటినుంచి చివరిదాకా వాయిస్తూ యాత్ర చేశాడు. ఆ సంగీతాన్ని ఈనాటికీ వేదిక మీద బతికిస్తున్న వారిలో ముందు చెప్పవలసిన పేరు ఆయనదే. 2024 ఫిబ్రవరిలో, డెబ్బై నాలుగు నిండిన వారంలోపే, ‘ది సర్కస్ అండ్ ది నైట్‌వేల్’ అనే సొంత ఆల్బమ్ కూడా విడుదల చేశాడు.