ఔట్‌బోర్డు పడవల హైడ్రాలిక్ స్టీరింగ్: మరమ్మతు, నిర్వహణ

ఔట్‌బోర్డు పడవకు విడిగా చుక్కాని ఉండదు. వెనక గోడకు బిగించిన ఇంజనే కుడికీ ఎడమకూ తిరిగి పడవను మళ్లిస్తుంది. చక్రం తిప్పే చేతి బలాన్ని ఆయిల్ ద్వారా ఆ ఇంజను దాకా చేర్చే ఏర్పాటునే హైడ్రాలిక్ స్టీరింగ్ అంటారు.

చిన్న ఇంజన్లకు ఇది అవసరం లేదు. కోస్తాలో వేటకెళ్లే ఫైబర్ తెప్పల మీద అసలు చక్రమే కనిపించదు. ఇంజను పిడి పట్టుకునే నడిపేస్తారు. దానికి పై మెట్టు కేబుల్ స్టీరింగ్. ఇంజను పెద్దదయ్యేకొద్దీ ప్రొపెల్లరు తిరిగే ఊపుకు అది ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. మామూలు కేబుల్ ఉన్నచోట ఆ లాగుడంతా చక్రం పట్టుకున్న చేతి మీదే పడుతుంది, గంట తిరక్కుండా భుజం పీకుతుంది. హైడ్రాలిక్ పద్ధతిలో పంపులోని చెక్ వాల్వులు ఆయిల్‌ను వెనక్కి రానివ్వవు కాబట్టి లాగుడు అక్కడే ఆగిపోతుంది. చెయ్యి వదిలినా ఇంజను తిప్పిన కోణంలోనే నిలుస్తుంది. అలాగని చక్రం వదిలేసి కూర్చోమని కాదు.

నిర్మాణం

చక్రం వెనకాల హెల్మ్ పంపు, ఇంజను ముందు సిలిండరు, రెంటినీ కలుపుతూ రెండు గొట్టాలు. ఇంతకు మించి పెద్ద సరంజామా లేదు. చక్రాన్ని ఒకవైపు తిప్పితే పంపులోని చిన్న పిస్టన్లు ఒక గొట్టంలోకి ఆయిల్ తోస్తాయి. సిలిండరు రెండో గదిలోని ఆయిల్ మరో గొట్టం గుండా పంపుకు తిరిగొస్తుంది. పొక్లెయిన్ చేతికి ఉండే సిలిండర్లలో రాడ్డు ముందుకూ వెనక్కూ కదలడం అందరూ చూసిందే. ఔట్‌బోర్డు ముందుభాగాన బిగించే రకంలో వ్యవహారం తలకిందులు: రాడ్డు కదలదు, దాని మీద సిలిండరే అటూ ఇటూ జారుతుంది. దానితోపాటు గొట్టాల చివరలూ కదులుతాయి. అందుకే గొట్టం ఒరుసుకుపోవడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఇంజను దగ్గరే.

ఈ వ్యవస్థల్లో ఎక్కువగా కనిపించే పేర్లలో ఒకటి సీస్టార్. ఒకప్పుడు టెలిఫ్లెక్స్ సంస్థది. 2011లో ఆ మెరైన్ విభాగం చేతులు మారి, తర్వాత సీస్టార్ సొల్యూషన్స్ అయింది. 2017లో స్వీడన్‌కు చెందిన డొమెటిక్ దాన్ని కొన్నది. కనుక ఒకే రకం సిలిండరు మీద పడవ వయసును బట్టి వేరు వేరు పేర్లు కనబడొచ్చు. అదే కుటుంబంలోని బేస్టార్ 150 హార్స్‌పవర్ వరకు ఉన్న ఇంజన్లకు. ఇటలీ సంస్థ యూఫ్లెక్స్ కూడా ఈ సామాను చేస్తుంది. చిన్న పడవల హైడ్రాలిక్ స్టీరింగ్‌కు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10592.

చుట్ల లెక్క

ఈ వ్యవస్థ ఆరోగ్యాన్ని చెప్పే అంకె ఒకటుంది. చక్రాన్ని ఒక కొస నుంచి రెండో కొసకు తిప్పడానికి ఎన్ని చుట్లు పడుతున్నాయన్నదే అది. ఒక చుట్టుకు పంపు 28 సీసీల ఆయిల్ తోస్తుంటే, సిలిండరు గది 140 సీసీలు పడుతుంటే, లెక్క ప్రకారం 5 చుట్లు. అంతా సవ్యంగా ఉన్న రోజున లెక్కపెట్టి డాష్‌బోర్డు కింద రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. ఆ 5 కాస్తా 6, 7 అయిందంటే తోసిన ఆయిల్ అంతా ఇంజనును తిప్పడం లేదన్నమాట. కొంత లోపల చేరిన గాలిని నొక్కడానికి పోతోంది, లేదా లోపల ఎక్కడో సీలు దాటి జారిపోతోంది. కొసకు చేరాక చక్రం టక్కున ఆగకుండా మెత్తగా ఇంకాస్త సాగుతుంటే ముందు అనుమానించాల్సింది గాలినే.

బిగుసుకున్న స్టీరింగ్

చక్రం బరువెక్కిందని చెప్పగానే పంపు మార్చేయడం ఖరీదైన పొరపాటు. మొదట సిలిండరును ఇంజను నుంచి విడదీయాలి. ఆపైన ఇంజనును చేత్తో తిప్పి చూడాలి, చక్రాన్ని విడిగా తిప్పి చూడాలి. చక్రం తేలిగ్గా తిరిగి, ఇంజను మాత్రం మొరాయిస్తే తప్పు హైడ్రాలిక్‌ది కాదు. ఇంజను తిరిగే ఇరుసులో గ్రీజు ఎండి గట్టిపడింది. పాత గ్రీజు బయటికొచ్చేదాకా నిపుల్‌లోకి కొత్త మెరైన్ గ్రీజు ఎక్కించాలి. ఇంజను పైకి లేచే ఇరుసైన టిల్ట్ ట్యూబులోంచి పోయే సపోర్ట్ రాడ్డు ఉప్పునీటికి తుప్పుపట్టి అందులోనే అతుక్కుపోవడం మరో బెడద. బిగించేటప్పుడే దానికి గ్రీజు పూయనివాళ్లు విప్పే రోజున కష్టపడతారు. ఇంజనును విడదీశాక కూడా చక్రం బరువుగానే ఉంటే అప్పుడు మెలికపడిన గొట్టం, మూసుకున్న ఫిట్టింగు, చిక్కటి తప్పుడు ఆయిల్ వంటివి వెతకాలి.

కారుడు

ఆయిల్ మరక ఎక్కడుందో చూస్తే సగం జబ్బు తెలుస్తుంది. చక్రం వెనక డాష్‌బోర్డు మీదికి కారితే హెల్మ్ షాఫ్టు సీలు. దాన్ని మార్చడానికి చక్రం తీయాలి. చక్రం షాఫ్టు మీద బిగుతుగా కూరుకుని ఉంటుంది కనుక పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా పంపు లోపలికి పోతుంది. సిలిండరు చివరల్లో తడి కనిపిస్తే అక్కడి ఆయిల్ సీళ్లు పోయాయి.

సీలు మార్చే ముందు రాడ్డును చదవాలి. తెల్లగుడ్డతో తుడిచి, ఈ కొస నుంచి ఆ కొసకు బొటనవేలి గోరు ఆనించి లాగితే, కంటికి ఆనని గీత కూడా గోటికి తగులుతుంది. తుప్పు గుంటలో, గీతలో ఉన్న రాడ్డు మీద కొత్త సీలు వేయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. త్వరలోనే మళ్లీ కారుతుంది. రాడ్డు నున్నగా ఉంటే, చివరి గ్లాండును ముళ్ల పానాతో విప్పి పాత సీలు తీస్తారు. కొత్తది ఎక్కించేటప్పుడు రాడ్డు చివరి మర పళ్లు సీలు పెదవిని చీరేస్తాయి. ఆ పళ్లకు టేపు చుట్టి, సీలుకు కాస్త ఆయిల్ రాసి మెల్లగా దాటించాలి. ఆయిల్ సీలు మూతి ఆయిల్ వైపుకు, ఉప్పునూ మురికినీ తుడిచే వైపర్ పెదవి బయటికి ఉండాలి. ఒకవైపే కారుతున్నా రెండు వైపులా మార్చడం తెలివైన పని. రెండోదీ అంతే వయసుది కదా!

ఫిట్టింగుల పళ్లకు ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు ఇక్కడ వాడకూడదు. దాని పీలిక ఒక్కటి కొట్టుకుపోయి చెక్ వాల్వులో ఇరుక్కుంటే, చక్రం దానంతటదే పాకడం మొదలుపెడుతుంది. తయారీదారు చెప్పిన చోట ద్రవ సీలెంటు రాయాలి. విప్పిన లాక్ నట్ల స్థానంలో కొత్తవే వేయాలి.

గాలి తీయడం

కారుకు, బైకుకు బ్రేకు ఆయిల్ మార్చి గాలి తీయడం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. హెల్మ్ మూత తీసి, ఆ మరలోకి గొట్టం బిగించి, ఆయిల్ సీసాను తలకిందులుగా పట్టుకుంటారు. సిలిండరు రెండు చివరలా బ్లీడరు నిపుళ్లుంటాయి. ఏ గదిలోకి ఆయిల్ రాబోతోందో ఆ గది నిపుల్ తెరిచి, సిలిండరును కదలకుండా ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు చక్రాన్ని తాపీగా తిప్పుతారు. నిపుల్‌కు తొడిగిన పారదర్శక గొట్టంలో మొదట నురగ, తర్వాత బుడగలు వస్తాయి. బుడగలు లేకుండా ధార సాగాక, చక్రం తిరుగుతుండగానే నిపుల్ మూయాలి. అప్పుడు రెండో వైపు. సీసా ఖాళీ అయిందో, గాలి మళ్లీ లోపలికి దూరి మొదటికొస్తుంది.

పనయ్యాక ఒక పరీక్ష. చక్రాన్ని కొసకు తిప్పి, ఇంకా గట్టిగా అదిమిపట్టి హెల్మ్‌లోని ఆయిల్ మట్టం చూడాలి. అదిమినప్పుడు దిగి, వదలగానే పైకొస్తే లోపల గాలి మిగిలే ఉంది.

ఆయిల్ విషయంలో తయారీదారు మాటే ప్రమాణం. ఈ వ్యవస్థల్లో వాడేది బాగా పలచనిది. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు; లోపలి సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. తీసిన ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరింది, నల్లబడితే మార్చే వేళ దాటింది. దాన్ని డబ్బాకెత్తాలి గాని నీట్లో వదలకూడదు.

రోజువారీ సంరక్షణలో చేయాల్సింది కొంచెమే: ఉప్పునీటి నుంచి రాగానే రాడ్డును మంచినీళ్లతో కడిగి తుడవడం, అప్పుడప్పుడు నట్లు చూడడం, ఇంజనును పూర్తిగా పైకెత్తి రెండు కొసలకూ తిప్పి గొట్టాలు ఎక్కడైనా పట్టేస్తున్నాయేమో గమనించడం.

నీటి మీద చెడిపోతే

గొట్టం పగిలితే పట్టు పోయి ఇంజను ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. వెంటనే వేగం తగ్గించాలి. రెండింజన్ల పడవైతే ఒకదానికి యాక్సిలరేటర్ ఎక్కువ, మరోదానికి తక్కువ ఇస్తూ మళ్లించవచ్చు. పంపు పట్టేసి ఇంజను ఒక కోణంలో ఇరుక్కుంటే ఇంజను ఆపి, రెండు బ్లీడర్లూ తెరిస్తే ఆయిల్‌కు దారి దొరికి చేత్తో కదులుతుంది. దాన్ని తిన్నగా తెచ్చి, బ్లీడర్లు మళ్లీ మూసి, తాడుతో బిగించి, తెడ్డుతో దిక్కు సరిచేసుకుంటూ నడక వేగంతో ఒడ్డు చేరాలి. ఇలా బ్లీడర్లు తెరిచాక ఒడ్డున మొత్తం గాలి తీసేదాకా పడవను మళ్లీ నీట్లోకి దింపకూడదు.