మంచుపెట్టెలో వచ్చిన చేప

ఢిల్లీనుండి కాశ్మీరయాత్రకు బయలుదేరు తెలుగు కుటుంబములు అచ్ఛాబల్ చేరి, మొగలాయిల నాటి ఉద్యానమును, అందలి ఊటలను చూచి, ఆ చెంతనే యున్న చేపల తొట్లకడ కొంతసేపు నిలుచుట పరిపాటి. అద్దమువంటి చల్లని నీటిలో, ప్రవాహమునకు ఎదురుగా మూతి పెట్టి కదలక నిలిచిన ఆ చుక్కల చేపను చూచి, ఆ కొండలవలె ఇదియు కాశ్మీరమునకు పుట్టుసొమ్మే యని తలంతురు. వాస్తవమది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ముగియువరకు కాశ్మీరపు ఏరులలో ట్రౌటు అనునది ఒక్కటియు లేదు. అది సముద్రములు దాటి, గ్రుడ్డుగా, మంచునడుమ ప్రయాణము చేసి వచ్చిన పరదేశి.

దానిని తెప్పించినవారి కోరిక ఆహారము కాదు, వినోదము. ఆంగ్లేయులకు ట్రౌటువేట ఒక విద్య. వానపామును గ్రుచ్చి గాలము వేయుట వారి దృష్టిలో చిన్నతనము. చిన్న కొక్కెమునకు పక్షి యీకలను, పట్టుదారమును చుట్టి, ఏటిమీద వ్రాలు ఈగవలె మలచి, పొడవైన బెత్తముతో దానిని అల్లనల్లన నీటిపై వ్రాల్చవలెను. చేప మోసపోయి దానిని అందుకొనవలెను. ఈ వేటకు అలవాటుపడిన ఉద్యోగులు మన దేశపు కొండలకు వచ్చినప్పుడు ఏరులను చూచిరి, చలిని చూచిరి, చేపమాత్రము కనబడలేదు.

ఇంగ్లండునుండి బ్రతికిన చేపను తెచ్చుట ఆ కాలమున అసాధ్యము. గ్రుడ్లను తేవలెనన్న, ఓడ ఉష్ణమండలము దాటులోపలనే వెచ్చని నీటిలో అవి చెడిపోవును. ఈ చిక్కును విడదీసినవాడు జేమ్స్ యూల్. తడినాచులో పొదిగి, మంచుగడ్డలనడుమ పెట్టెలలో ఉంచినచో గ్రుడ్డులోని జీవము నిద్రించినట్లు మందగించి వారములకొలది నిలుచునని ఆయన ప్రయోగములవలన తేలినది. 1864లో ‘నార్ఫక్’ అను ఓడపై ఇట్లే పంపిన గ్రుడ్లు టాస్మానియా ద్వీపమునకు చేరి, ప్లెంటీ అనుచోట పిల్లలైనవి. దక్షిణార్ధగోళమున ట్రౌటు అడుగిడుట అదే మొదలు.

మన దేశమున మొదటి యత్నము అంతకు ఒక యేడు ముందే, 1863లో, నీలగిరులకై జరిగినది. పూనుకొనినవాడు మద్రాసు సైన్యమున వైద్యుడైన ఫ్రాన్సిస్ డే. తరువాత భారతదేశపు మత్స్యములపై బృహద్గ్రంథము వ్రాసి ప్రసిద్ధికెక్కినవాడితడే. ఆ యత్నము విఫలమయ్యెను. మద్రాసు ప్రభుత్వము 1907లో మత్స్యశాఖను నెలకొల్పు నాటికి గాని నీలగిరులలో ఈ పని గట్టిపడలేదు. ఆ శాఖలో నిపుణుడగు విల్సన్, సింహళము మొదలైన చోట్లనుండి వచ్చిన ఇంద్రధనుస్సు ట్రౌటును అవలాంచి కడ పొదిగించి కొండవాగులలో వదలెను. ఆనాడు సర్కారు జిల్లాలును, రాయలసీమయు ఆ రాజధానిలోనివే గదా! గోదావరి, కృష్ణా తీరములవారు కట్టిన శిస్తులోనుండియు కొంత ఈ చల్లని చేపకు వ్యయమైయుండవచ్చును. ఆ చేపయో, మన నదుల వెచ్చదనమునకు ఒక్క వేసవియైనను తాళజాలదు.

కాశ్మీరమున కథ మరియొక తీరున నడచినది. 1899లో బెడ్‌ఫర్డ్ డ్యూకు కానుకగా పంపిన 10,000 గ్రుడ్లును దారిలోనే నశించినవి. నిరుత్సాహపడక మరల తెప్పించిరి. 1900 డిసెంబరులో స్కాట్లండునుండి వచ్చిన రెండవ సరుకు నిలిచినది. దాదాపు 1,800 పిల్లలు దక్కినవి. మహారాజు ప్రతాపసింగు పాలనాకాలమది. శ్రీనగరులో తివాచీల కర్మాగారము నడుపుచుండిన మిచెల్ అను స్కాట్లండు దేశస్థుడు ఈ పిల్లల పోషణభారమును తలకెత్తుకొనెను. చేపల పెంపకము ఆయన వృత్తి కాదు, కేవలము మక్కువ. హర్వన్ కడ పొదుగుశాల వెలసినది. ఆ సంతతియే క్రమముగా లిద్దరు, సింధు మున్నగు ఏరులకు ప్రాకినది. (ఈ సింధు కాశ్మీరములోని చిన్న యేరు, మహానదియగు సింధువు కాదు.) కాశ్మీరమునుండి గ్రుడ్లు కులూ లోయకు పయనమైనవి. అక్కడి అధికారి హోవెల్ 1909లో కత్రాయిన్ సమీపమున వానిని పొదిగించెను.

ఈ చరిత్రలో అధికారుల పేర్లు నిలిచినవి. శీతకాలమున పనిచేసినవారి పేర్లు నిలువలేదు. అమెరికా పశ్చిమతీరమున శీతకాలము వేటకాలము. అచట ఇంద్రధనుస్సు ట్రౌటులోనే సముద్రమునకు పోయి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు నదికి మరలివచ్చు తెగ యొకటి కలదు. దానిని స్టీల్‌హెడ్ అందురు. వరదలో సముద్రమునుండి గోదావరికి ఎదురెక్కు పులసను ఎరిగినవారికి ఈ రాక వింతగా తోచదు. నవంబరు మొదలు వసంతమువరకు, గాలపుత్రాడు బెత్తమునకు గడ్డకట్టు చలిలో సయితము, అచటివారు మొలలోతు నీట నిలిచి ఈగను విసరుదురు. చలిలో చేప మందకొడిగా నుండును. దాని మూతికడకే ఈగను చేర్చవలెను.

కాశ్మీరమున దీనికి విరుద్ధము. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకే వేట, తరువాత నిషేధము. ఏలయన, కపిలవర్ణపు ట్రౌటు చలికాలపు తొలినాళ్లలోనే గులకరాళ్లను తొలిచి గ్రుడ్లు పెట్టును. దొరలు బెత్తములను మడిచి వెడలిపోయిన పిమ్మట పొదుగుశాలలో పని మొదలగును. ఆడుచేపను తడిచేతులతో పట్టి, పొట్టను మెల్లగా నొక్కి గ్రుడ్లను పళ్లెములోనికి దించుదురు. మగచేప పాలను కలుపుదురు. పారు నీటిలో పలకలపై పరతురు. నీరు 10 డిగ్రీలున్నచో పిల్ల వెలువడుటకు ఆరువారములకు పైగా పట్టును. 5 డిగ్రీలైనచో రమారమి అంతకు రెట్టింపు. చచ్చిన గ్రుడ్డు తెల్లబడును. దానిని వెంటనే ఏరివేయకున్న బూజు పట్టి ప్రక్కవానిని చెరచును. అన్నాళ్లును, మంచు కురియుచుండగా, వ్రేళ్లు కొంకర్లుపోవు నీటిలో ఆ తెల్లగ్రుడ్లను ఒక్కొక్కటిగా ఏరినవారు స్థానికులైన సేవకులు. వేసవిలో దొర పట్టిన చేపకు మూలధనము ఇది.

ఈ అతిథి రాకవలన నష్టపడినవారును కలరు. హిమాలయపు ఏరులకు తమ చేప లేకపోలేదు. షైజోథొరాక్స్ జాతులు అనాదిగా అక్కడివే. జాలరులకు జీవనాధారము అవియే. ఆంగ్లేయులు వానికి మంచుట్రౌటు అని పేరిడుటలోనే తమ చేపతో పోల్చి చూచు చూపు తెలియుచున్నది. ట్రౌటు మాంసాహారి; చిన్నచేపలను మ్రింగును. స్థానిక జాతులు సన్నగిల్లుటకు అది యొక్కటే కారణమనుట న్యాయము కాదు. 1950ల దశకమున కాశ్మీరపు సరస్సులలో ప్రవేశపెట్టిన కార్పుచేపయు, మురికినీరును, ఆనకట్టలును ఆ దోషమున పాలుపంచుకొన్నవి. అయినను, మంచి ఏరులను ట్రౌటుకై కేటాయించి, రుసుము చెల్లించినవారికే గాలము వేయు హక్కు నిచ్చినప్పుడు, ఒడ్డుననే పుట్టిన జాలరిని ఎవరును సంప్రదించిన జాడ లేదు.

స్వాతంత్ర్యానంతరము ఆ వినోదపు చేప కొంత ఆహారపు చేపగా మారినది. 1984లో ఐరోపా సహాయముతో కోకర్‌నాగ్ కడ పెద్ద క్షేత్రము నెలకొన్నది. నేడు రైతులు తమ ముంగిటి కాలువనీటితో తొట్లు కట్టి ఇంద్రధనుస్సు ట్రౌటును పెంచి అమ్ముచున్నారు. తివాచీల మిచెల్ సాకిన కపిల ట్రౌటుమాత్రము తొట్లను విడిచి ఏరులలోనే కాపురము పెట్టినది. ప్రతి చలికాలమును, నీటి అడుగున, ఎవరి చేయియు సోకకయే గులకరాళ్లను తొలుచుకొనుచున్నది.